గిన్నె అడుగు

మా ఆయన బస్సులు బాగుచేసే వర్క్‌షాపులో వెల్డరు. వంట ఆయనకు ఒక్కటే వచ్చు. బంగాళాదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలు ఉడికించి, విడిగా వేయించిన కోడిముక్కలు కలిపి, మిరియాల పొడి చల్లి దించే చిక్కటి కూర. దానికి పేరంటూ లేదు. అమ్మాయి చిన్నప్పుడు "ఏం కూర నాన్నా?" అని అడిగితే "గిన్నెలో కూర" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో అది గిన్నెకూర. ఆదివారం పొద్దున పెద్ద గిన్నె నిండా చేసి, సోమవారానికి కొంత డబ్బాల్లో సర్ది వర్క్‌షాపుకు పట్టుకెళ్ళేవారు.

వేసవి చివర్లో ఒకరోజు, పనిలో ఉండగానే, ఆయన గుండె ఆగిపోయింది. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పలేను.

బడి తెరిచిన కొన్నాళ్ళకు వర్క్‌షాపు మేస్త్రి ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, ఆయన పనిముట్ల పెట్టె ఇంకా ఇక్కడే ఉందండి. బీరువా ఖాళీ చేయమని ఆఫీసువాళ్ళు ఒకటే పోరు. శనివారం మధ్యాహ్నం ఓసారి రండి. మాతోపాటు రెండు ముద్దలు తిని వెళ్దురుగాని."

"తిండి నేను తెస్తాను" అన్నాను. ఏం తేవాలో ఆలోచించుకోనక్కరలేదు.

శనివారం ఒంటిపూట బడే. తెల్లారి లేచి గిన్నెకూర వండాను. ఆయన వంట చేస్తుంటే పక్క గదిలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని కాబట్టి చేతిపని చూసింది తక్కువ. కానీ రుచి నాకు తెలుసు. ఉల్లిపాయను కంటికి కనబడనంత మెత్తగా చిదిమాను. గరిటెతో కొంచెం నోట్లో వేసుకున్నాను. అచ్చం అదే. ఆయన గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవడానికి అప్పటికే తడుముకోవలసి వస్తోంది. ఇదొక్కటీ చెక్కుచెదరకుండా నా దగ్గర ఉందనుకున్నాను.

వర్క్‌షాపులో ముందు అద్దం లేని బస్సు పక్కన పొడుగాటి బల్ల వేశారు. మేస్త్రి, పెయింటరు, స్టోర్సులో పనిచేసే అక్క చేతులు కడుక్కుని కూర్చున్నారు. పెయింటరు గొంతు రంగుల వాసనకు పాడైందట, అందరూ అతణ్ణి బొంగురు అనే పిలుస్తారు. రొట్టెలూ కూరా వడ్డించాను. మేస్త్రి ఒక ముద్ద తిని నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఏరా బొంగురూ, ఉత్త రొట్టె నములుతున్నావేం?" అంది అక్క.

"ఇందులో కోడి ఉందక్కా."

"గిన్నెకూరలో కోడి కాక బోల్టులుంటాయా?"

"అన్నయ్య చేసినదాంట్లో ఏనాడూ లేదు. నేను మాంసం ముట్టనని నీకు తెలీదా? ఇన్నేళ్ళు తిన్నానే!"

"నీ నాలిక్కి కూడా రంగు కొట్టేసుకున్నట్టున్నావు. కోడి ఉంటుంది. ఉండనిది పులుపే. టీచరమ్మగారూ, ఏమనుకోకండి, నిమ్మకాయ పిండటం మరిచిపోయారా?"

"నిమ్మకాయా?" అన్నాను.

మేస్త్రి అప్పటికి రెండో గ్లాసు నీళ్ళు తాగుతున్నాడు. "నిమ్మకాయ సంగతి తర్వాత. ఈ మిరియాలేంటి? నా కడుపులో పుండమ్మా. మిరియం పడిందంటే రాత్రంతా జాగారమే. ఆయన చేసింది మాత్రం లొట్టలేసుకుంటూ తినేవాణ్ణి."

కొంతసేపు ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఎగిరారు. తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. మేస్త్రి చెంచా కింద పెట్టాడు.

"మూతల మీద రంగుచుక్కలు పెట్టేవాడు గదా. ఎవరి డబ్బా వాళ్ళకే ఇచ్చేవాడు. డబ్బాలు తారుమారు కాకుండా అనుకున్నాను."

"నేనూ అంతే" అన్నాడు బొంగురు.

"ఉల్లిపాయలు ఎలా ఉండేవి?" అని అడిగాను.

"ఇంతింత ముక్కలు" అన్నారు ముగ్గురూ, వేళ్ళతో చూపిస్తూ.

ఉల్లిపాయ పంటికి తగిలితే నాకు తినబుద్ధి కాదు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చెప్పి ఉంటాను. పెట్టె తీసుకుని ఇంటికి వచ్చేశాను. కూర పట్టుకెళ్ళిన చిన్న గిన్నె అక్కడే మరిచిపోయాను.

సాయంత్రం మేడ మీదినుంచి వదిన దిగి వచ్చింది. ఆవిడ మా ఆయనకు అక్క. జరిగింది చెప్పాను.

"సరే, అందరి డబ్బాల లెక్కా తేలింది. మరి వాడి డబ్బా ఏదీ?" అంది.

"అక్కడ తోటివాళ్ళు తెచ్చుకున్న వాటిలోంచి తినేవారట."

"ఇంట్లో?"

మాకు వడ్డించాక స్టవ్ దగ్గర నిలబడే తినేవారు. ఆ మాటే చెప్పాను.

"అంటే ఊళ్ళోవాళ్ళందరికీ ముందుగా తీసిపెట్టి, చివరికి గిన్నె గీక్కుని తిన్నాడన్నమాట. నా తమ్ముడు సొంత ఇంట్లో మిగిలింది తిని బతికాడు" అని కళ్ళు తుడుచుకుంటూ మేడ ఎక్కిపోయింది.

వదిన మాట పదునే గాని మనిషి మంచిది. నన్ను అనాలని అన్నది కాదు. అయినా ఆ మాట దిగబడిపోయింది.

"అత్త మాటలకేం గానీ, వదిలెయ్యమ్మా" అంది అమ్మాయి.

"నాన్న ప్లేటులో ఏముండేదో నీకు గుర్తుందా?"

కాస్త ఆలోచించింది. "నాన్నకి ప్లేటెక్కడిది? మనకి వీపు పెట్టి గిన్నెలోనే తినేవాడు."

"ఇష్టంగానే తినేవారా?"

"వీపు చూసి ఎలా చెప్తామమ్మా?"

ఆ వారమంతా నన్ను పట్టి పీడించింది ఇదే. ఆయన ఇష్టపడి తిన్నారా, మిగిలిందే తనదనుకుని తిన్నారా? మొదటిదైతే నాకు తెలియని ముచ్చట ఒకటి ఉందన్నమాట, ఓర్చుకోగలను. రెండోదైతే, ఇన్నేళ్ళు ఒక మనిషిని పక్కన పెట్టుకుని ఏ రుచి చూసి మురిసిపోయానో నాకే తెలియదు. బోర్డు మీద లెక్క సగం చేసి ఆగిపోతే, పిల్లలే అందించారు.

తర్వాతి ఆదివారం మళ్ళీ ఆ పెద్ద గిన్నె పెట్టాను. నేను చెప్పేది లెక్కలు. జవాబులు తెలిస్తే చేసిన వరస కట్టడం కష్టం కాదు. కోడి వేయకముందే బొంగురుది తీయాలి. కోడి వేశాక, మిరియం పడకముందు మేస్త్రిది. మిరియం పడ్డాక స్టోర్సు అక్కది, నిమ్మకాయ ఆవిడ డబ్బాలోనే. మాకు కావలసింది విడిగా తీసి ఉల్లిపాయ చిదమాలి. ఇక గిన్నెలో ఉన్నది ఆయనది.

రుచి చూశాను. బాగుందనలేం, బాగాలేదనలేం. ముక్కలు ముక్కలుగా, ఎవరి కోసమూ వండనట్టుగా ఉంది.

"వరస తప్పావేమో" అంది అమ్మాయి.

"తప్పలేదు."

అప్పుడే మేస్త్రి నేను మరిచిపోయిన చిన్న గిన్నె శుభ్రంగా తోమించి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి పిలిచి మిరియం లేని కూర పెట్టాను. మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు. కాసేపు పళ్ళెంలోకే చూస్తూ తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి వంటగదిలోకి వచ్చి, స్టవ్ మీది గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఇదేంటి టీచరమ్మా, అడుగు ఇంత తెల్లగా ఉంది?"

"అడుగంటకుండా సన్నని సెగ మీద చేశాను."

"అయ్యో! ఆయన వింటే కొట్టేవాడు." నవ్వాడు. "మీరు పరీక్షల డ్యూటీకి వెళ్ళిన ఓ ఆదివారం నేనిక్కడికి పరిగెత్తుకొచ్చాను. నడిరోడ్డు మీద బస్సు ఆగిపోయింది, జనం బూతులు. పదవయ్యా అంటే కదలడే! నా మొహాన ఓ ప్లేటు పెట్టి, తను ఈ గిన్నె కింద మంట పెద్దది చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏంటయ్యా అంటే, అడుగు మాడనీ అంటాడు. పొగొచ్చింది. అప్పుడు తీరిగ్గా గీకి, కరకరలాడించుకుంటూ తిన్నాడు."

"మాడిందా?"

"మాడిందే! వాసనకి నాకూ నోరూరింది. ఓ చెక్క పెట్టవయ్యా అన్నాను. 'పుండు మనిషివి, నీకెందుకు' అని గిన్నె అటు తిప్పేసుకున్నాడు. పని దగ్గర చొక్కా విప్పి ఇచ్చేసే మనిషి, ఆ మాడు దగ్గర మాత్రం పరమ పిసినారి. మీ ఇద్దరికైనా పెట్టేవాడా?"

"లేదు" అన్నాను. "ఒక్కసారి కూడా పెట్టలేదు."

నవ్వు వచ్చింది. ఆపుకోలేదు. నవ్వుతోపాటు వచ్చింది కూడా ఆపుకోలేదు. మేస్త్రి కంగారుపడి గిన్నె మూత కోసం వెతికాడు, అక్కర లేకపోయినా.

ముఖం కడుక్కుని వచ్చి స్టవ్ వెలిగించాను. మంట పూర్తిగా పెంచాను. ముందు చిటపటలాడింది. తర్వాత తీపి వాసన, ఆ తర్వాత పొగ. ఆదివారాల్లో ఈ వాసన వస్తే ఆయన పరాకున అడుగంటించారనుకునేదాన్ని.

"అమ్మా, మాడిపోతోంది!" అని అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"మాడనీ."

ఇనప గరిటెతో గీకితే అట్టులా పెళ్ళలు లేచాయి. అంచులు చేదు, మధ్యలో బంగాళాదుంప తీపి, వాటి మీద మిరియం ఘాటు. ఉల్లిపాయ పంటికి తగిలింది. నమిలాను.

"ఎలా ఉంది? నాకో ముక్క."

"నీకు నచ్చదు."

"నువ్వు మూడోది తింటున్నావు!"

మేస్త్రి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ పకపకా నవ్వాడు. అమ్మాయి నా భుజం మీదినుంచి చెయ్యి చాచి అందినంత లాక్కుంది.

వదినకు ఈ సంగతి చెప్పి తీరాలి. ఆవిడ మనసు కూడా కుదుటపడుతుంది. కానీ ఇప్పుడే పిలిస్తే తనూ ఒక గరిటె పట్టుకుని దిగుతుంది. గీకడం అయ్యాక మేడ ఎక్కుదామనుకున్నాను.