మూలన పేరు

జక్రయ్య ఎంటర్ నొక్కి, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, తెర కేసి చూశాడు. కోల్డ్ స్టోరేజీ వాళ్ల సైటు ఇంకా పాత సర్వర్ నుంచే తెరుచుకుంటోంది. ఆ సర్వర్‌ను ఈ సాయంత్రం ఆరింటికి పూర్తిగా ఆపేస్తామని దాన్ని అద్దెకిచ్చిన కంపెనీవాళ్లు నెల ముందే చెప్పారు. దాని మీద అతను సత్తెనపల్లి వాళ్లకు చేసిపెట్టిన సైట్లు ముప్ఫయ్యొకటి ఉన్నాయి. మిరప కమీషన్ కొట్లు, ఒక జిన్నింగు మిల్లు, మూడు చర్చిలు, ఓ బడి. అన్నిటినీ కొత్త సర్వర్లోకి ఎక్కించాడు గానీ, ఆ సంగతి లోకానికి ఇంకా తెలియలేదు. ఆరింటిలోగా తెలియకపోతే ముప్ఫయ్యొక్క బోర్డులూ ఒక్కసారే కూలినట్టు.

బోర్డులనే అనుకుంటాడు అతను. యాభై ఏళ్లొచ్చేదాకా పెయింటరు మరి. యార్డు లారీల మీద, ఎరువుల కొట్ల మీద, చర్చి గోడల మీద పేర్లు రాశాడు. మిరప సీజన్లో తడి రంగు మీద ఎర్రటి పొట్టు వాలేది. తుమ్ముకుంటూ, ఒక్కో రేణువునూ గోటితో తీసేవాడు. ఆ ఘాటు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బోర్డు ఎవరిదైనా కింద కుడి మూలన సన్నగా ‘జక్రయ్య ఆర్ట్స్’ అని ఉండాల్సిందే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాక, మనవళ్ల వయసు పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. నలుగురూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

ఫలానా సైటు ఎక్కడుందని లోకం అడిగితే చిరునామా చెప్పేవి నేమ్‌సర్వర్లు. కంపెనీవాళ్లవే వాడుకుంటే ఏ గొడవా లేదు. జక్రయ్య మాత్రం తన పేరుతోనే రెండు పెట్టుకున్నాడు. పక్క కొట్లో బట్టలు కుట్టే ఖాజాబీ టీ తెచ్చిచ్చి, ఎందుకన్నా నీకీ తిప్పలు, వాళ్లవి వాడుకోకూడదా అంది.

“మూలన రాసినోడి పేరు లేకపోతే, తప్పొస్తే ఎవర్ని అడుగుతారమ్మా?” అన్నాడు.

అనేసి, తన మాట దగ్గరే ఆగిపోయాడు. సైట్లన్నీ తన పేరును అడుగుతాయి, సరే. ఆ పేరు ఎక్కడుందో చెప్పేదెవరు? ఆ పేరును, అదే డొమైన్‌ను, తనకు అమ్మినవాళ్లు. వాళ్ల దగ్గర తన పేరుకు పాత సర్వర్ చిరునామాయే ఉండిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దుట్నించీ తప్పును సర్వర్లో వెతుకుతున్నాడు. ఊరందరికీ బోర్డులు రాసే జక్రయ్య కొట్టుకు బోర్డుండదని అప్పట్లో వెక్కిరించేవాళ్లు. అది గుర్తొచ్చి ఒక్కడే నవ్వుకున్నాడు. కొత్త సర్వర్ చిరునామా ఎక్కించి, సేవ్ నొక్కాడు. అప్పటికి పన్నెండయింది.

ఆ మార్పు లోకమంతా పాకడానికి గంటలు పడుతుంది, ఇక కాచుకోవడమే పని. పొద్దుట్నించీ ఎడమ చెయ్యి లాగుతోంది. పాత నిచ్చెనల పుణ్యమే అనుకున్నాడు. మూడింటికి కోల్డ్ స్టోరేజీ సైటు కొత్త సర్వర్ నుంచి తెరుచుకుంది. తర్వాత బడి, మిల్లు, చర్చిలు. నాలుగున్నరకల్లా ముప్ఫయ్యొకటీ వచ్చేశాయి. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

అయిదింటికి ఖాజాబీ గ్లాసు కోసం వచ్చి, జక్రయ్యన్నా అని పిలిచింది. మళ్లీ పిలిచింది. పెన్ను వేళ్ల మధ్యే ఉంది. మనిషి లేడు.

ఆరింటికి పాత సర్వర్ ఆగిపోయింది. ఊళ్లో ఎవరికీ తెలియలేదు, ఎవరిదీ ఏదీ ఆగలేదు గనక. మర్నాడు మట్టి చేసి వచ్చినవాళ్లు కూడా ఫోన్లలో తమ తమ సైట్లు తెరుచుకున్నారు. తెరిచిన ప్రతిసారీ లోపలెక్కడో ముందుగా జక్రయ్య పేరే పలికింది. పాపం, అది ఎవరికీ కనపడదు.

కొట్టు మూసేటప్పుడు బల్ల మీద ఒక కాగితం మిగిలింది. కొత్త సర్వర్ చిరునామా అంకెలు రాసుకున్న కాగితం. కాచుకున్నంతసేపూ బాల్‌పెన్నుతో ఒక్కో అంకెనూ లావు చేసి, బోర్డు అక్షరాలకు వేసినట్టే పక్కన నీడ కూడా వేశాడు. చివరి అంకెకు నీడ సగమే ఉంది.