కణాలు వెళ్ళే దారి

తడి దుప్పటిని చెరో కొస పట్టుకుని పిండుతుండగా అక్క చేతిలోంచి అంచు జారిపోయింది. అక్క అంటే నా తోటికోడలు. నడుం పట్టుకుని గోడకి జారగిలబడి, నేను అడగకముందే, "ఏం లేదు, పట్టేసింది, అంతే" అంది. లోపలినుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "నడుం నొప్పి ఎవరికి రాదు? నలుగురిని కని కూడా నేను పొయ్యి దగ్గరే నిలబడ్డాను." అక్క వంగి దుప్పటి అందుకోబోయింది. నేను వంగనివ్వలేదు.

రెండేళ్ళ కిందట ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటినుంచీ ఆ జబ్బుకి కారణం వెతకని మనిషి ఇంట్లో లేదు. కూతురికి సరిగ్గా పాలు పట్టలేదని అత్తయ్య. అన్నీ మనసులో పెట్టుకుని కుమిలిపోతుందని బావగారు. వేళకి తినదని మా ఆయన. ఇంటిల్లిపాదీ తిని లేచాక గానీ ఆమెకి వేళ ఎలా అవుతుందో ఆయనకి తట్టలేదు. అక్క అన్నిటికీ తలూపేది, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా.

నేను చేసే ఉద్యోగం ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. "ఏదో ఎలుకలకి సూదులు గుచ్చుతుంది" అని మా ఆయన వచ్చినవాళ్ళతో నవ్వుతూ చెబుతారు. ల్యాబ్‌లో మా పెద్దసారు బయటివాళ్ళెవరైనా వస్తే నా పనిని తను వివరించి, టీల సంగతి నన్ను చూడమంటారు. నేను ఏళ్ళుగా చూస్తున్నది ఒకటే: రొమ్ములో పుట్టిన క్యాన్సర్ కణం ఎముకల దాకా ఎలా వెళుతుందన్నది. అందుకే ఆ రోజు మిగతా బట్టలు నేనే ఆరేసి, అక్క పాత రిపోర్టులు వెతికి తీశాను.

స్కానింగ్ చేయించాలని పోరు పెట్టింది నేనే. ఫలితం మాత్రం డాక్టరు బావగారికి చెప్పారు, బావగారు తమ్ముడికి చెప్పారు, మా ఆయన గిన్నెలు తోముతున్న నా వెనక నిలబడి చెప్పారు. వెన్నుపూసలోకి, తుంటిలోకి పాకింది. "వదినకి చెప్పకు. ఎముకల అరుగుదల అని చెప్పాం. హాస్టల్లో ఉన్న పాపకి కూడా పరీక్షలయ్యాక చెబుదాం. నీ సైన్సు ఇంట్లోకి తేకు. అంతా ఆవిడ మంచికే." నేను కుళాయి కట్టేశాను. పక్కగదిలో అక్క కూనిరాగం తీస్తూ మా అందరి బట్టలూ మడతపెడుతోంది.

తరవాతి వారం ఆమెకి ఇంజెక్షన్ చేయించుకు రమ్మని నన్ను తోడు పంపారు. తిరుగు బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"అరుగుదలకి క్యాన్సర్ వార్డులో ఇంజెక్షన్లేంటే? వాళ్ళెలాగూ చెప్పరు. నువ్వూ చెప్పవా?"

ల్యాబ్ దగ్గర దిగిపోదామన్నాను. భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చేయి పట్టుకుని చెప్పాను. అక్క తన నడుం తడుముకుంది. తరవాత, "బరువులెత్తినందుకా?" అంది.

"కాదక్కా. ఒంట్లో కణాలకి దారి చూపించే చిన్నచిన్న ప్రోటీన్లుంటాయి. కీమోకైన్లంటాం. దెబ్బ తగిలిన చోటికి తెల్లకణాలు పరిగెత్తేది వాటివల్లే. ఎముకల మూలుగులో అలాంటిదొకటి ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. దాన్ని పసిగట్టే గ్రాహకం క్యాన్సర్ కణం ఒంటిమీద కూడా ఉందనుకో, ఆ జాడ పట్టుకుని అక్కడికి పోయి చేరుతుంది."

"పాలు పట్టనందుకు కాదా?"

"కాదు."

"ఏడ్చినందుకు?"

"ఏడిస్తే కణాలకి దారి తెలీదక్కా."

అప్పుడు ఏడ్చింది. ముఖం దాచుకోకుండా, నా ఎదురుగానే. కాసేపటికి కళ్ళు తుడుచుకుని చూపించమంది. మైక్రోస్కోపు సరిచేసి ఇచ్చాను. సన్నటి రంధ్రాల పొరని దాటి కీమోకైన్ ఉన్న వైపుకి వచ్చేసిన కణాలు, ఊదారంగు వేసినవి.

"ఎంత బాగున్నాయో పాడువి" అంది. "ఎవరివి?"

"ఎవరో ఒకావిడవి. ఎప్పుడో పోయింది. ఆవిడ కణాలనే ఇంకా పెంచుతున్నాం."

"పేరేంటి?"

"తెలీదక్కా. డబ్బామీద అంకెలే ఉంటాయి."

"ఎవరూ అడగలేదా?"

నేనూ అడగలేదు. ఆమె మళ్ళీ కన్ను ఆనించి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది. "తగ్గుతుందా నాకు?" అని అలాగే వంగి అడిగింది.

"తగ్గదు. కొన్నాళ్ళు ఆపగలరు. నొప్పి తగ్గించగలరు."

అక్కణ్ణుంచే కూతురికి ఫోన్ చేసింది. "పరీక్షలు మళ్ళీ రాసుకోవచ్చులే అమ్మా. నువ్వు రా."

ఆ సాయంత్రం నుంచి మా ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఇంట్లోకి చావుని తెచ్చానని అత్తయ్య అన్నారు. అక్క మాత్రం డాక్టరుతో, ఏదున్నా తనతోనే చెప్పమంది. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. "కాస్త మంచినీళ్ళు" అని బావగారు అలవాటుగా అంటే, "కూజాలో ఉన్నాయి" అని చెప్పింది, మెత్తగానే. పాప వచ్చింది. మధ్యాహ్నాలు తల్లీకూతుళ్ళు ఒకే మంచం మీద పడుకుని ఏవేవో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. తలుపు మూసి ఉన్నా నవ్వు వంటగది దాకా వచ్చేది. అక్క అలా నవ్వుతుందని అంతవరకూ మాకెవరికీ తెలియదు. ఆఖరి విడత మందు వద్దంది. నొప్పికి మాత్రం అడిగి వేయించుకుంది. వానలు మొదలవుతుండగా, పాప చేయి పట్టుకునే పోయింది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక బావగారు ఆ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. నన్ను చూసి, కోపం లేకుండానే అన్నారు.

"నువ్వు చెప్పకపోయి ఉంటే, ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉండేది కదమ్మా."

మా ఆయన నావైపు చూశారు, ఊరుకోమన్నట్టు. బావగారి మీద జాలేసింది. అయినా ఊరుకోలేదు.

"హాయిగా ఉండేది మనం బావగారూ" అన్నాను, "అక్క కాదు."