తెర దగ్గర ఆగిన సీడీ

ఉషా, ఇలా రా, నా మంచం పక్కకి జరిగి కూర్చో. ఆ వంకాయలు కూడా ఇటివ్వు. చేతులు ఊరకే ఉంటే నాకు మాట రాదు. మీ అమ్మానాన్నల పెళ్లి సీడీ చూసి రెండు సంగతులు అడిగావు. జీలకర్ర బెల్లం దగ్గరే ఎందుకు ఆగిపోతుందని, అందులో నువ్వెక్కడున్నావు నానమ్మా అని. రెండింటికీ జవాబు ఒకటే. విను.

ఆ సీడీ చేసిన ఎండాకాలం నువ్వు మైలవరంలో మీ అమ్మమ్మగారింట్లో ఉన్నావు. మనం గవర్నర్‌పేటలో మేడమీద వాటాలో ఉండేవాళ్లం. మీ నాన్న హరిబాబు బట్టల హోల్‌సేల్ కొట్లో పనిచేసేవాడు. కొట్లోకి కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు పాతది ఇంటికి తెచ్చుకున్నాడు. అదే రోజుల్లో పెళ్లి క్యాసెట్టు బయటికి తీస్తే లోపల రీలంతా తెల్లగా బూజు. మన వైపు చెమ్మ దేన్ని బతకనిచ్చింది గనక. పెళ్లికి వీడియో తీసిన బాలశౌరి గారు దాన్ని తుడిచి ఇస్తూ, ఇది ఒకసారి తిరుగుతుంది బాబూ, రెండోసారికి నాది పూచీ కాదు అన్నాడట. తనే సీడీ చేసిపెడతానన్నాడు కూడా. మీ నాన్న వద్దన్నాడు. వాడి మనసులో వేరే ఉంది.

రాజేశ్వరి నాకు తోడికోడలు, మీ నాన్నకి పిన్ని. చల్లపల్లి ఇంట్లో మా ఇద్దరి మగ్గాలూ ఒకే గదిలో ఎదురెదురుగా ఉండేవి. నా పడుగులో పోగు తెగిందంటే నేను పిలవకముందే తన మగ్గం గుంటలోంచి లేచి వచ్చేది. మీ నాన్న సగం ఆమె ఒళ్లోనే పెరిగాడు. మీ నాన్న పెళ్లయిన కొన్నేళ్లకి ఆమె మొగుడు, మా మరిది, మన ఇంటి చీర అంచు నమూనాని మరమగ్గాల వాళ్ల చేతిలో పెట్టాడు. ఆ అంచు చీరలు బజారునిండా కుప్పలు పడ్డాయి. మన చీర అడిగేవాడు లేక మగ్గాలు ఆగిపోయి, మేం బెజవాడ చేరాం. మొగుడు అంత పని చేస్తుంటే పిన్ని నోరు మెదపలేదని మీ నాన్నకి కోపం. మాటలు పోయాయి. ఆ ఇంటి మొహం ఒక్కటి కూడా సీడీలో ఉండకూడదని వాడి పట్టు.

నాకేమో రాజేశ్వరి ఫొటో ఒక్కటీ లేదు. ఆ క్యాసెట్టే దిక్కు. అది ఎలాగూ పోతుంది, సీడీలోనూ లేకపోతే ఇక ఆమె మొహం నాకు ఎక్కడ కనిపిస్తుంది? వాడితో అంటే ఇంకా బిగుసుకుంటాడు. అనకుండా కూర్చుందామంటే కూర్చోబుద్ధి కాదు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. కంప్యూటరు వెనక ఏదో కార్డు బిగించి, వీసీఆర్ నుంచి ఎర్రదీ తెల్లదీ పసుపుదీ వైర్లు లాగాడు. ముందు నీలం తెర. తర్వాత పక్కకి వాలిపోతూ మన పందిరి వచ్చింది. బొమ్మే గానీ చప్పుడు లేదు. పోనీలే, నాదస్వరం పాట వేసేస్తానన్నాడు. మీ అమ్మ రామతులసి బియ్యం చేట తీసుకుంది.

క్యాసెట్టు ఎంతసేపు తిరిగితే అంతసేపూ కంప్యూటరు దాన్ని ఎక్కించుకోవాలట. అందులో చోటు తక్కువట, అక్కర్లేనిది అప్పటికప్పుడు చెరిపేస్తే గానీ తర్వాతది పట్టదట. మధ్యాహ్నం కరెంటు తీసేస్తారు, ఆలోపు అయిపోవాలి. మరిది కనిపించిన చోటల్లా మీ నాన్న టక్కుమని నొక్కి చెరిపేస్తున్నాడు. ఆ టక్కు వినబడినప్పుడల్లా నేను వంటింట్లోంచి వచ్చి చూడటం, మళ్లీ వెళ్లడం. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి కూడా.

"అమ్మా, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే, ఒకచోట కూర్చోరాదూ?" అన్నాడు.

ఎక్కడ కూర్చోను? వచ్చేది అడ్డుతెర.

అందరి ఇళ్లలో ఆ తెర ఎవరో ఒకరు పట్టుకుంటారు. మన ఇంట్లో అది సొంత మగ్గం మీదే నేయాలి, నేసినవాళ్లే పట్టాలి. సగం నేను నేశాను, మిగతా సగం రాజేశ్వరి నేసి దించింది. అందుకని ఒక చివర నాది, ఒక చివర తనది. నేను పందిరి ముందు వైపు, బాలశౌరి గారి కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డాను. రాజేశ్వరి లోపలి వైపు. ఆ పక్క పెళ్లికొడుకు, ఈ పక్క పెళ్లికూతురు, వాళ్ల నడిమధ్య నిండు దీపంలా రాజేశ్వరి మొహం.

మీ నాన్న బొమ్మని అటు కత్తిరించి చూశాడు, ఇటు కత్తిరించి చూశాడు. ఆమెని తీస్తే పెళ్లికొడుకైనా పోతున్నాడు, పెళ్లికూతురైనా పోతోంది. చివరికి విసుగెత్తి, ఈ ముక్క మొత్తం తీసేసి తలంబ్రాలకి వెళ్లిపోతానన్నాడు.

మీ అమ్మ చేట పక్కన పెట్టింది. "జీలకర్ర బెల్లం లేకుండా తలంబ్రాలేంటండీ? అయితే మన పెళ్లి ఎప్పుడైనట్టు?"

"సీడీలో లేకపోతే మాత్రం పెళ్లి కాకుండా పోతుందా?"

"పోదు. కానీ మూగ పెళ్లి చేశారు, ఇప్పుడు ముహూర్తం కూడా తీసేస్తానంటున్నారు. ఇక అందులో మిగిలింది భోజనాలే కదండీ."

ఆ మాటకి వాడు క్యాసెట్టు ఆపి, కంప్యూటరు వెనక్కి వంగి వైర్లు వెతికాడు. చప్పుడు వైరు పక్క కంతలో పెట్టాడట. మార్చాడు. కానీ చప్పుడు ఎక్కాలంటే ఆ ముక్కని మళ్లీ తిప్పాలి. రెండోసారి. బాలశౌరి గారి మాట ముగ్గురికీ గుర్తుంది. వీసీఆర్ కీచుమంటూ వెనక్కి తిరుగుతుంటే నా పళ్లు జివ్వుమన్నాయి.

ఈసారి సన్నాయి వినిపించింది, పిల్లల ఏడుపులు వినిపించాయి. తర్వాత రాజేశ్వరి గొంతు.

"అక్కా, నీ చివర జారుతోంది. పడుగు లాగినట్టు లాగి పట్టు."

ఆ వెంటనే పెళ్లికొడుకు గుసగుస. "పిన్నీ, నీకు పుణ్యముంటుంది, కొంచెం దించవే."

"ఆగలేవురా? సరే, ఒక్కసారే. మీ అమ్మ చూస్తే నన్ను చంపుతుంది."

బొమ్మలో ఆమె వైపు తెర బెత్తెడు దిగింది. పెళ్లికొడుకు మెడ సాచాడు. ఎదురుగా నిలబడి కూడా నేనేమీ చూడలేదు, నా చివర సర్దుకునే పనిలో ఉన్నాను.

"అంటే ముహూర్తానికి ముందే చూసేశారన్నమాట," అంది మీ అమ్మ.

 మీ నాన్న వేలు మౌసు మీదే ఉంది. నేను ఆ వేలు వంకే చూస్తున్నాను. చివరికి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఉండనీ," అన్నాడు.

జీలకర్ర బెల్లం అయింది, తెర పూర్తిగా దిగింది. అంతలో వీసీఆర్ లోపల కరకరమని, రీలు నలిగి చిక్కుపడి తెగింది. తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ దానితోనే పోయాయి. అందుకే మీ సీడీ అక్కడ ఆగిపోతుంది. వెనక్కి తిప్పకపోతే అవన్నీ దక్కేవి, ఆమె ఒక్కతే పోయేది.

తెగిన రీలు చేతిలో పట్టుకుని మీ నాన్న అడిగాడు. "అమ్మా, పిన్ని ఇంట్లో సీడీ చూసే మిషను ఉందంటావా?"

లేదు. వాడే చల్లపల్లి బస్సెక్కి వెళ్లి, పక్కింట్లో వేయించి చూపించాడు. మరిదితో మాటలు ఇప్పటికీ అంతంతమాత్రమే, అది వేరే సంగతి. రాజేశ్వరి మాత్రం చూసినంతసేపూ చూసి, మా అక్క మొహం ఒక్కసారైనా రాలేదేరా అని గొడవపెట్టిందట.

అందుకని చెబుతున్నాను ఉషా. రేపు నీ పిల్లలకి ఆ సీడీ వేసి చూపిస్తావు. ఈ నవ్వే ఆవిడ ఎవరని అడుగుతారు, అది ఎలాగూ చెబుతావు. ముందు నిలబడ్డ ఆ ఆకుపచ్చ చీర వీపు ఎవరిదని వాళ్లు అడగకపోయినా నువ్వే చెప్పు. అది మా నానమ్మ, తెరకి రెండో చివర ఆమెదని చెప్పు.