జయశ్రీని వెతుక్కుంటూ పోయిన గడి

ఆత్మకూరు శివార్లలోని పీజీ సెంటర్లో పొద్దున్నే జరిగే మొదటి పని గడి గీయడం. వాచ్‌మన్ చెంచురామయ్య సున్నం డబ్బా పట్టుకుని, క్యాంటీన్ వెనక ఖాళీ జాగాలో నాలుగు గీతలు గీసి, చేతులు దులుపుకుని టీకి పోతాడు. ఆ గీతల మధ్య నిలబడి ఎవరైనా ఏమైనా మాట్లాడవచ్చు. అక్కడన్న మాటకు శిక్ష లేదు. సెంటర్లో ఇంకెక్కడా మాత్రం ఫిర్యాదులు, ప్రసంగాలు పనికిరావు. గడిలో మాట్లాడాలన్నా స్పెషలాఫీసర్ ప్రమీలారాణి మేడంకి ముందుగా చెప్పుకోవాలి, మైకు వాడకూడదు, గడిలో ఒకసారికి ఒకరే ఉండాలి, మేడం దగ్గరుండి వినాలి. ఈ రూల్సన్నీ మేడమే రాసింది. రాసిన పాపానికి తనూ వాటికి కట్టుబడింది. ఎవడో కుర్రాడు క్రికెట్ గురించి వాగినా సరే, ఎండలో గొడుగేసుకుని చివరిదాకా వినేది. అట్లాంటి మనిషిని తిట్టడానికి మనసొప్పదు, అదే వచ్చిన చిక్కు.

జయశ్రీ గడి బయట మాట్లాడింది. హాస్టల్ భోజనాల హాల్లో గ్లాసు పైకెత్తి, "ఈ నీళ్ళల్లో పురుగులు తిరగతా ఉండాయి. ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయింది? మీ ఇళ్ళల్లో అయితే తాగతారా?" అని అడిగింది. హాలంతా విన్నది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు నవ్యశ్రీ కూడా విని, తల దించుకుని అన్నం కలుపుకుంది. నవ్యశ్రీ వాళ్ళు చేజర్ల దగ్గర భూములున్నవాళ్ళు. ఆడపిల్ల నలుగురిలో నోరు తెరవకూడదని చెప్పి చెప్పి పెంచారు. జయశ్రీ వాళ్ళది ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే ఇల్లు. మంద వెనక కేకలేస్తూ పెరిగిన గొంతు, తగ్గించమంటే ఎక్కడ తగ్గుతుంది?

మేడం జయశ్రీని సస్పెండ్ చేసి ఇంటికి పంపేసింది. క్షమాపణ చెబితే మళ్ళీ రావచ్చు. అయితే క్షమాపణ కూడా మాటే కాబట్టి గడిలో నిలబడి చెప్పాలి. గడేమో గేటు లోపలుంది. సస్పెండైన పిల్లను గేటు దాటనివ్వకూడదు.

"మరెట్టమ్మా?" అన్నాడు చెంచురామయ్య.

మేడం రూల్సు కాగితం మళ్ళీ చదివింది. "ఏం చేద్దాం చెంచురామయ్యా, రూల్సు అట్లా ఉన్నాయి" అంది. పాపం, ఆమెకీ బాధగానే ఉంది.

హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష పోతే జయశ్రీ చదువు అంతటితో సరి. ఇంట్లో మందకు ఒక మనిషి ఎప్పుడూ తక్కువే.

నవ్యశ్రీ పక్కన బెంచీ సగం ఖాళీ అయింది. ఊరగాయ సీసా లాక్కునేవాళ్ళు లేరు. క్లాసులో కునికితే మోచేత్తో పొడిచేవాళ్ళు లేరు. ఆ సగం బెంచీ వంక చూస్తే ఏడుపొచ్చేది. ఫోన్ చేద్దామనుకుని, చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసేది. "ఆ పొద్దు నువ్వేమన్నా అన్న్యావా?" అని జయశ్రీ అడిగితే ఏం చెప్పాలి? దిగులు తట్టుకోలేక చివరికి మేడం దగ్గరికే వెళ్ళింది.

"దేని గురించి మాట్లాడతావు?" అంది మేడం.

"జయశ్రీ లేకపోవడం గురించి మేడం."

గడిలో నిలబడి నవ్యశ్రీ ఉదయగిరి రోడ్డు వైపు తిరిగింది. మేడం గొడుగు కింద ఓపిగ్గా ఎదురుచూసింది.

"జయా, నువ్వు లేకపోతే నాకేం బాగలేదే. వచ్చెయ్యి" అంది నవ్యశ్రీ. తర్వాత మేడం వైపు తిరిగి, "అంతే మేడం" అంది.

మర్నాడు పొద్దున గడి అక్కడ లేదు. గేటు దాటి, ఉదయగిరి రోడ్డు పట్టి పోతోంది. చెంచురామయ్య డబ్బాలో సున్నం అట్లాగే ఉంది. "ఈ పొద్దు నాకు పని లేదు" అని టీకి పోయాడు.

దాని కబుర్లు బస్సుల్లో వచ్చే పిల్లలు చెప్పేవాళ్ళు. గీతలు చెరిగిపోతాయని డ్రైవర్లు పక్కకు తీసి పోనిస్తున్నారట. వింజమూరు బజారులో అది కాసేపు ఆగితే, అరటిపళ్ళ ఓబమ్మ అందులోకెక్కి, మొగుడి గురించి ఎన్నాళ్ళనుంచో కడుపులో ఉన్నదంతా చెప్పేసి దిగిందట. ఆమె దిగాక గడి తన దోవన తాను పోయిందట. నవ్యశ్రీ ఆ కబుర్ల కోసం బస్టాండులో కాచుకుని కూర్చునేది.

జయశ్రీ దొడ్లో గొర్రెపిల్లకు పాలు తాపుతుంటే గడి వచ్చి ఆమె కాళ్ళ చుట్టూ ఆగింది.

"ఏందే ఇది?" అంది వాళ్ళమ్మ దేవకమ్మ.

"మా కాలేజీదిమా."

దేవకమ్మ గొర్రెల్ని అటు తొక్కకుండా అదిలించింది.

కబురందగానే ప్రమీలారాణి మేడం కారులో వచ్చింది. గడిలో సెంటరు మనిషి ఉంటే ఆమె వినాలి కదా. దొడ్లో గొడుగు విప్పుకుని నిలబడి, "క్షమాపణ చెప్తావా అమ్మా?" అంది.

"నీళ్ళల్లో పురుగులు ఉండాయి మేడం" అంది జయశ్రీ. "ఆ పొద్దు అదే చెప్పినాను. ఈ పొద్దు గూడా అదే."

గడిలో అన్న మాటకు శిక్ష లేదు. మేడం వంగి ఆ గీతల్ని చూసింది. "దీంట్లో ఉన్నంతసేపు నువ్వు సెంటర్లో ఉన్నట్టే" అంది. "కాలు బయటపెడితే మాత్రం నేనేం చేయలేను."

దేవకమ్మ లోపలికి పోయి సద్ది మూట కట్టి తెచ్చింది. "పో మే. అంత దూరం నుంచి వెతుక్కుంటా వచ్చినాక పంపకపోతే ఏం బాగుంటాది? గీత దాటబాకు" అంది.

గడి వెనక్కి తిరిగింది. జయశ్రీ అందులోనే నడిచింది, గడి ఆగిన చోట పడుకుంది. మేడం దగ్గరుండాలి కాబట్టి కారు వెనకాలే నత్తనడకన వచ్చింది.

వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి చెంచురామయ్య గీతలవైపు చూసి తలుపు తీశాడు. నవ్యశ్రీ వరండాలోంచి పరుగెత్తుకొచ్చి, సరిగ్గా గీత దగ్గర ఆగిపోయింది. లోపల ఒకరే ఉండాలి.

"చిక్కిపోయినావే" అంది.

"నువ్వు మాత్రం?" అంది జయశ్రీ.

మధ్యలో సున్నపు గీతతో ఇద్దరూ పక్కపక్కనే క్లాసులోకి నడిచారు. జయశ్రీ తన చోట కూర్చుంది. గీత బెంచీ నడిమధ్య నుంచి పోయింది. ఇన్నాళ్ళు ఎదురుచూసిన మనిషి మూర దూరంలో ఉంది, చెయ్యి చాపడానికి లేదు. మేడం హాజరు పిలిచింది. "ప్రెజెంట్ మేడం" అన్న ఆ పెద్ద గొంతు వినగానే నవ్యశ్రీ ఇక ఆగలేకపోయింది. లేచి గీత దాటేసింది.

"నవ్యశ్రీ! ఒకరే ఉండాలి" అంది మేడం.

నవ్యశ్రీ వెనక్కి పోలేదు. "నీళ్ళ గురించి నేను గూడా చెప్పాల మేడం. ఆ పొద్దు నా గ్లాసులో గూడా పురుగులు ఉండినాయి. చూసి, తాగినాను."

సున్నపు గీత నేల మీద మెల్లగా జరిగి, ఇంకో మనిషికి సరిపడా చోటిచ్చి ఆగింది. ముందు బెంచీవాళ్ళు దానికి అడ్డం రాకుండా కాళ్ళు ముడుచుకున్నారు.

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పమ్మా, వింటున్నా" అంది. నవ్యశ్రీ జయశ్రీ చెయ్యి గట్టిగా పట్టుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.