పదారుమంది ప్లేటు

మా దొరకు తిక్క లేచిందంటె ఊరంతా దాని సుట్టే తిరగాలె. లడాయి నడుస్తున్న యేండ్లల్ల గాయినకు ప్లేటు తిక్క లేచింది. పట్నం పక్క లష్కర్ల తెల్ల సోల్జర్లతోని దోస్తానా చేసి ఒక గ్రామఫోను, ఒక ప్లేటు తెచ్చుకున్నడు. ఒక్కటంటె ఒక్కటే ప్లేటు. దాని కాయితం సంచి మీద నల్లకోట్లు తొడుక్కున్న పదారుమంది, బూరలు పట్టుకోని నిలబడ్డ బొమ్మ ఉండెనట.

మాది కట్టంగూరుకు కోసెడు దూరంల ఊరు. నా పెనిమిటి ఇస్రాయేలు మిషనోళ్ల గుడి బ్యాండుల బూర ఊదేటోడు. ఊర్లె పండుగైనా పీనుగెల్లినా డప్పు కొట్టేది మా వాడోళ్లే. గా డప్పుకే తాతల నాడు మూడెకరాల చెల్క ఇనాం ఇచ్చిండ్రు. ఆముదాలు, జొన్నలు పండేటియి. మా వాడకంతా గా చెల్కనే బువ్వ.

దొర మమ్ములను చావడికాడికి పిలిపించి పటేలు ముందట చెప్పిండు. వచ్చే నెల జిల్లకు పెద్దాఫీసరు తాలూక్‌దార్ సాబ్ వస్తుండట, సాబుకు గిసొంటి ప్లేట్లంటె పానమట, మా వాడోళ్లు పదారుమంది నిలబడి ప్లేట్ల ఉన్నది ఉన్నట్టు వాయించాలెనట. వాయిస్తే చెల్క మాది. ఒక్క సప్పుడు తక్కువైనా చెల్క ఆయినది. నీ బాంచెన్ దొరా అని వచ్చినం. ఇంకేమంటం?

వాయించాలంటె ముందు వినాలె గద. దొరుండే గడిల మేం అడుగు పెట్టొద్దు. గడి గోడ బయట పెంటకుప్ప పక్కన కూసోని వినాలె. పైన మేడ మీద కిటికి తెరిచి దొర ప్లేటు పెడ్తడు. కిందికెల్లి మాకు కిటికి కనపడ్తది గని లోపల ఏమైతాందో కనపడది. గట్ల తొమ్మిది దినాలు పొద్దుగాల పొద్దుగాల పోయి కూసున్నం.

అబ్బ, ఏం పాట అది! మా దాంట్ల ఒకడు ముందు నడిస్తె తక్కినోళ్లు ఎనుక నడుస్తరు. గీ ప్లేట్ల ఎవని తోవ వానిదే. ఒక బూర ఏడుస్తాంటె ఇంకొకటి ఇకిలిస్తది. అందరు అంగట్ల లెక్క కొట్లాడుకుంటరు, ఉన్నట్టుండి అందరొక్కటై లొల్లిబెడ్తరు. మొదాలు నాకు తలకాయ నొచ్చింది. నాలుగో దినానికి కాళ్లు వాటంతటయే ఆడినయి, అబద్ధమెందుకు.

కష్టమేందంటె, కిటికిలకెల్లి ప్లేటు ఒక్కటే రాలె. పాట నడుమ కీలు సడలి బూరలన్ని నీలిగి నీలిగి సాగుతయి, అటెన్క కిర్రుకిర్రుమని ఏదో తిరుగుతది, మల్ల పాట లేస్తది. నడుమ దొర చుట్టదగ్గు. గడి కుక్క మొరుగుడు. ఇగ కడకు ఒక బూర చెవులు చిల్లులు పడేటట్టు అరుస్తది సూడు, గా జాగల దొరసాని అండాలమ్మ దొరను తిట్టుడు.

సోమన్న కొమ్ము ఊదేటోడు, జర తెలివిగల్లోడు. గీ దగ్గు, గీ తిట్లు ప్లేట్లయి కావు, గడియి, ఇడిసిపెడ్దాం అన్నడు. మా ఆయిన ఒప్పుకోలె. దొరసాని తిట్టు దినాం ఒక్క జాగలనే వస్తాంది, తాళం తప్పుతలేదు, ప్లేట్ల లేకుంటె గట్లెట్ల వస్తదని అడిగిండు.

మా ఆయిన మల్ల అన్నడు, "మనకు పెద్దలు నేర్పిందేంది? విన్నది విన్నట్టు కొట్టుడు. ఇడిసిపెడ్తె చెల్క పోతది. కలిపితె ఏం పోతది?"

గీ మాటకు అందరు తలకాయలు ఊపిండ్రు. భయమున్నోనికి అన్ని సప్పుళ్లు పాట లెక్కనే ఇనపడ్తయి.

ఇగ పంచుకున్నరు. దగ్గు పెద్దబూరకిచ్చిండ్రు. కుక్కను సోమన్న కొమ్ముకిచ్చిండ్రు. కిర్రుకిర్రుకు ఎల్లస్వామి బాయి మీది గిరక ఊడబీకి తెచ్చిండు, ఆడోళ్లు నీళ్లు చేదలేక మూడు దినాలు వాని వంశమంతా తిట్టిండ్రు. ఎంత లెక్కబెట్టినా పదిహేనుమందే ఐతుండ్రు. పదారో మనిషివి నువ్వే, దొరసాని నీ వంతు అన్నడు మా ఆయిన. నాకు మండింది. నీకు బుద్ధి ఉన్నదా, దొరసాని లెక్క మాట్లాడితె నా తోలు ఒలుస్తరు అని ఆ దినం బువ్వ గూడ పెట్టలె. గని చెల్క యాదికొచ్చింది. ఒప్పుకున్న.

తొమ్మిదో దినం. బూర అరిచింది, దొరసాని అందుకున్నది. గా దినం తిట్టిన తిట్టు మాత్రం మా గుండెల్ల పడ్డది.

"కోతలు కాంగనె గా మూడెకరాలు ఎట్లైనా గుంజుకుంటనంటివి, మల్ల గా బీదోళ్లను గోడకాడ కూసోబెట్టి గీ తమాషేంది?"

దొర నవ్విండు. నవ్వి దగ్గిండు. సోమన్న కొమ్ము సంకల బెట్టుకోని లేచిండు.

"కూసో, ఇంక ప్లేటు అయిపోలె" అన్నడు మా ఆయిన.

సోమన్న కూసున్నడు. ప్లేటు అయిపోయేదాంక ఎవ్వలం కదలలె. నాకు మాత్రం ఏడుపు ఆగలె.

తాలూక్‌దార్ సాబ్ వచ్చిన దినం గడి ముందట పందిరేసిండ్రు. కుర్చీల సాబ్, పక్క కుర్చీల దొర, సుట్టు ఊరంతా. డప్పులు మంటకు కాపుకోని పదారుమందిమి నిలబడ్డం. మొదలువెట్టినం. బూరలు కొట్లాడినయి, డప్పులు ఉరికినయి, సాబు మోకాలు మీద ఏలు ఆడిస్తుండు. పెద్దబూర చుట్టదగ్గు దగ్గింది. పటేలు దొర దిక్కు సూసిండు. కొమ్ము మొరిగింది, ఎనుకకెల్లి గడి కుక్క నిజంగనే జవాబిచ్చింది. అటెన్క పదారుమందిమి ఒక్కసారి నీలిగినం, మెడలు వాల్చినం, ఎల్లస్వామి గిరక తిప్పిండు, మల్ల లేచినం. సాబు కుర్చీ అంచుకు వచ్చిండు. గిసొంటిది నా దగ్గరున్న ఏ ప్లేట్ల లేదు అని దొరతోని అంటుండు.

ఇగ మా ఆయిన బూర అరిచింది. నా వంతు. నడుం మీద చెయ్యేసుకోని, అచ్చం అండాలమ్మ గొంతు తోని, తొమ్మిదో దినం మాట ఒక్క ముక్క పోకుంట అన్న. కోతలు కాంగనె, మూడెకరాలు, తమాషేంది, అంతా.

దొర లేచిండు. సాబు చెయ్యెత్తి కూసోబెట్టిండు. అటెన్క దొర నవ్వు, దగ్గు గూడ బూరలు ఊదినయి. పాట అయిపోయింది.

సాబుకు తెలుగు మంచిగనే వచ్చు, పాలమూర్ల పుట్టినోడు. దొర దిక్కు తిరిగి నిమ్మళంగ అడిగిండు.

"ఇదంతా ప్లేట్ల ఉన్నదేనా? ఏమన్న కలిపిండ్రా? ముఖ్యంగ గా ఆడగొంతు?"

కలిపిండ్రంటె గా గొంతెవలిదో, గా మూడెకరాలు ఎవలియో దొర చెప్పాలె. పైన కిటికిల అండాలమ్మ నిలబడి సూస్తాంది. దొర ముఖం కాలిన పెనం లెక్కయింది.

"ఉన్నది ఉన్నట్టే వాయించిండ్రు సాబ్."

అయితె ప్లేటు తెప్పియ్యి, ఒకసారి పక్కపక్కన విందాం అన్నడు సాబు. దొర తానే లోపలికి ఉరికిండు. మేడ మీద ఏదో ఫట్మన్నది. తిరిగొచ్చి, చెయ్యిజారి పగిలింది సాబ్ అన్నడు. లష్కర్‌కెల్లి మోసుకొచ్చిన ప్లేటు. ముద్దుబిడ్డ లెక్క సాదిన ప్లేటు. చెమటలు కార్తున్నయి.

సాబు దొర చెమటల దిక్కు సూసిండు. అటెన్క అన్నడు, "అయితె గీ ప్లేటు ఇగ వీళ్ల దగ్గర్నే ఉన్నది. యేడాదికోసారి వచ్చి వింట. ఒక్కరు తక్కువైనా, ఆకలితోని ఊపిరి తక్కువైనా నిన్నే అడుగుత. వీళ్ల మూడెకరాల చెల్క ముట్టకు."

మేం దండం పెట్టి కదిలినం. చెల్క గట్టు మీదికి వచ్చినంక మా ఆయినను నిలబెట్టి అడిగిన. నిజం చెప్పయ్యా, దొరసాని తిట్టు ప్లేట్లదనే నమ్మినవా, లేకుంటె అన్ని తెలిసే చేసినవా?

ఆయిన బూర నోరు తుడుసుకుంట అన్నడు, "నన్నడుగుతవేందే? దొరనే చెప్పె గద, ఉన్నది ఉన్నట్టే అని."

నేను ఆముదపు చెట్ల నడుమ కూలబడి నవ్విన. నవ్వి నవ్వి, మా చెల్క మన్ను పిడికిట్ల పట్టుకోని బోరున ఏడ్చిన.