ఎక్కడైనా పడుకునే మనిషి

"నీకేముందిలే సోనీ, నువ్వెక్కడైనా పడుకుంటావు."

పెనం మీద అట్టు తిరగేస్తుంటే మా ఆయన లాజరస్ అన్న మాట ఇది. కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. ముద్దుగానే అన్నాడు. డైనింగ్ టేబుల్ మీద ఐప్యాడ్ నిలబెట్టి, అందులో తను కొందామంటున్న ట్రైలర్ బొమ్మ, అదే బండికి తగిలించుకుని ఊళ్ళు తిరిగే చక్రాల ఇల్లు, చూపిస్తూ ఎవరెక్కడ పడుకోవాలో ఇంటిల్లిపాదికీ పంచుతున్నాడు. ముందువైపు ఎత్తుమీదున్న పెద్ద పడకగది అత్తయ్యకీ మావయ్యగారికీ. వెనకవైపు తలుపున్న చిన్నగదిలో అటో జత ఇటో జత, ఒకదాని మీదొకటిగా బంక్ మంచాలు. పై రెండూ మా పిల్లలు నోవాకీ, క్లారాకీ. కింద ఒకటి తనకి, పిల్లలు భయపడకుండా. కింద రెండోది ఫిషింగ్ రాడ్లకీ మడత కుర్చీలకీ. ఇక మధ్యలో స్టవ్, దానికెదురుగా భోజనాల బల్ల. ఆ బల్లని కిందికి దించి, పైన సీట్ల మెత్తలు పరిస్తే అదీ మంచమవుతుందట. అది నాకు.

ఫిషింగ్ రాడ్లకి కూడా మంచముంది, చూశారా! నాకేమో బల్ల. అందరూ తిని లేచాక మంచమయ్యే బల్ల, మళ్ళీ అందరూ లేవకముందే బల్ల అయిపోవాల్సిన మంచం. అంటే అందరికంటే ఆఖర్న పడుకుని, అందరికంటే ముందు లేచే మనిషికే అది సరిపోతుంది. మా ఆయన లెక్కలో తప్పేమీ లేదు, మా ఇంట్లో ఆ మనిషిని నేనే. అట్టు ఆయన పళ్ళెంలో వేసి, "ఈ శనివారం వెళ్ళి చూద్దాం. చూడకుండా మాత్రం ఊఁ అనకండి" అన్నాను. "చూడ్డానికేముంది? వీడియోలో అంతా ఉందిగా" అన్నాడు లాజరస్. "చూడాలి" అన్నాను మళ్ళీ. ఈ మధ్య నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది. అది వార్డులో నేర్చుకున్న గొంతు.

నేనిప్పుడు నర్సింగ్ ఆఖరి సంవత్సరం స్టూడెంట్‌ని. ఇద్దరు పిల్లల తల్లిని, జుట్టులో తెల్ల వెంట్రుకలు దువ్వెనకి తగులుతున్నాయి, అయినా ఐడీ కార్డు మెడలో వేసుకుని ట్రెయిన్లో కన్సెషన్ మీద యూనివర్సిటీకి వెళ్తాను. మాకు మందుల లెక్కల పరీక్ష అని ఒకటుంటుంది. డోసు తప్పు కడితే మనిషి ప్రాణం మీదికొస్తుంది కాబట్టి అందులో నూటికి నూరూ రావాలి, ఒక్క తప్పున్నా ఫెయిలే. అది పాసైతేనే ఆఖరి ప్లేస్‌మెంట్‌కి అంటే వార్డులో పని నేర్చుకోవడానికి హాస్పిటల్లోకి రానిస్తారు. మొదటిసారి ఒక్క లెక్క తప్పింది. రెండోసారి, అదే చివరిసారి, సెప్టెంబర్ సెలవులు అయిపోయిన సోమవారం. ఈ ట్రైలర్‌తో సముద్రం ఒడ్డుకి మొదటి ట్రిప్పు సరిగ్గా ఆ సెలవుల్లోనే. పాసవకపోతే మళ్ళీ వచ్చే ఏడాది వరకూ ఆగాలి. "నేను ఇంట్లో ఉండి చదువుకుంటాను, మీరు వెళ్ళిరండి" అన్నాను ఒకసారి. "నువ్వు లేకపోతే అది ఫామిలీ ట్రిప్ ఎలా అవుతుంది?" అన్నాడు లాజరస్. "మరి వంటో?" అన్నారు మావయ్యగారు. ఆయన ఉన్నమాట అనేస్తారు, ఆ గుణం నాకిష్టం.

నిజం చెప్పాలంటే నాకూ వెళ్ళాలనే ఉంది. సముద్రం చూడాలని ఉంది, పరీక్షా పాసవ్వాలని ఉంది. రెండూ కోరుకోవడం అత్యాశ అని ఇదివరకు అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవడం మానేశాను.

మొదటిసారి ఆ లెక్క ఎందుకు తప్పిందో నాకు తెలుసు. అప్పుడు పరీక్ష ఈస్టర్ అవగానే. ఈస్టర్‌కి మా తెలుగు ఫెలోషిప్ వాళ్ళందరం టెంట్లు వేసుకుని లేక్ దగ్గర క్యాంప్ పెట్టుకున్నాం. పాయింట్ కుక్ నుంచీ క్రెయిగీబర్న్ నుంచీ కుటుంబాలన్నీ వచ్చాయి. ఈస్టర్ ఆదివారం తెల్లవారే ఆరాధన నీళ్ళ ఒడ్డున. ఆ సూర్యోదయం ఎంత బాగుందో అందరూ చెప్పారు, ఫోటోలూ చూపించారు. నేను చూడలేదు. ఆ వేళకి క్యాంప్ కిచెన్లో బిరియానీకి ఉల్లిపాయలు వేయిస్తున్నాను, నాతోపాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళు. ప్రభువు సమాధిలోంచి లేచినప్పుడు ముందు చూసింది ఆడవాళ్ళేనని ఆ పొద్దున్నే పాస్టర్‌గారు ప్రసంగం చేశారట. ఆఖర్న "మన సిస్టర్స్‌కి ఒక్కసారి చప్పట్లు" అన్నారు. ఆ చప్పట్లు మాత్రం కిచెన్లోకి వినపడ్డాయి. మధ్యాహ్నం అంట్లు తోమాక కారులో కూర్చుని, స్టీరింగ్ మీద పుస్తకం ఆనించి లెక్కలు చేశాను. క్లారా వచ్చి అద్దం కొట్టింది, "మమ్, వేర్స్ మై అదర్ షూ?" అని. నోవా వచ్చాడు, మావయ్యగారు వచ్చారు, చివరికి లాజరస్ వచ్చి, "ఇక్కడున్నావా! ఊరంతా వెతుకుతున్నా. టీ పెడతావా, అందరూ అడుగుతున్నారు" అన్నాడు.

అలాగని లాజరస్ చెడ్డవాడు కాదు. ఆయన స్టూడెంట్‌గా ఉన్న రోజులు నాకు బాగా గుర్తు. ఫుట్‌స్క్రేలో ఈ దేశం వచ్చిన కొత్తలో ఇంకో జంటతో కలిసి ఉండేవాళ్ళం. ఇంట్లో ఉన్న ఒకే ఒక బల్ల ఆయనదే. నేను ఏజ్డ్ కేర్ హోమ్‌లో ముసలివాళ్ళ దుప్పట్లు ఉతికొచ్చి, కాళ్ళ జోళ్ళు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికొచ్చేదాన్ని. నోవా ఏడిస్తే ఎత్తుకుని పార్కుకి పోయేదాన్ని, చలికాలమైనా సరే. అప్పటికింకా ఊళ్ళోనే ఉన్న అత్తయ్య ఫోన్ చేసి, "అబ్బాయి చదువుకుంటున్నాడు, పనులేవీ చెప్పకమ్మా" అనేది. చెప్పలేదు. ఆయన చదువుకుంటుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉండేది. ఇప్పుడు నేను చదువుకుంటుంటే ఇల్లంతా నా చుట్టూ చేరి ఉప్పెక్కడుందని అడుగుతోంది. అత్తయ్య మాటల్లో, "చదువుకో అమ్మాయ్, వద్దనను. ఇంటిపని పక్కన పెట్టి మాత్రం కాదు. మేం చెయ్యలేదా?"

శనివారం ఊరికి ఉత్తరాన ట్రైలర్లు అమ్మే యార్డ్‌కి వెళ్ళాం. ట్రైలర్ బావుంది, కాదనను. దీన్ని ఫిఫ్త్ వీల్ అంటారు, ఇది మామూలు క్యారవాన్‌లాగా బండి వెనక తగిలించేది కాదు, యూట్ అనే చిన్న ట్రక్కు వెనక తొట్టిలోనే బిగిస్తారు. అందుకే దాని ముందుభాగం తొట్టి మీదికి మెట్టులా లేచి ఉంటుంది. లాజరస్ టైర్లు తన్ని చూశాడు, సేల్స్ అతనితో బరువుల గురించీ బ్యాటరీల గురించీ మాట్లాడాడు. పిల్లలు పై బంకులెక్కేసి "దిస్ ఈజ్ మైన్!" "నో, మైన్!" అని కొట్టుకున్నారు. సేల్స్ అతను బయట గోడకున్న చిన్న తలుపు తెరిచి ఇంకో స్టవ్ బయటికి లాగాడు. "భలే ఉందిరా, అమ్మాయి ఇక్కడ కూడా వండుకోవచ్చు" అన్నారు మావయ్యగారు. అంటే లోపలొక వంటిల్లు, బయటొక వంటిల్లు, నాకు మంచం మాత్రం లేదు. అత్తయ్య అన్నీ తడిమి చూస్తోంది. సేల్స్ అతను "టేక్ యువర్ టైమ్ గైస్" అని ఆఫీసులోకి వెళ్ళాడు.

వార్డులో షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ చేస్తాం. ఒక్కో మంచం దగ్గర నిలబడి, ఇక్కడున్నదెవరు, ఆ మనిషికేం కావాలి, రాత్రి నిద్రపట్టిందా, అన్నీ తర్వాతొచ్చే నర్సుకి చెప్పాలి. మంచం లేని మనిషి వార్డులో ఉండదు. మొదటి ప్లేస్‌మెంట్‌లో ఒకరోజు, ఈ లెక్కన మా ఇంట్లో నా గురించి ఎవరైనా హ్యాండోవర్ ఇవ్వగలరా అనిపించింది. నేనేం తింటానో, ఎప్పుడు నిద్రపోతానో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆరోజు బాధపడ్డాను, ఏడుపొచ్చింది కూడా. ట్రైలర్లో నిలబడ్డ ఈరోజు మాత్రం ఏడుపు రాలేదు, హుషారొచ్చింది.

"ఒక పని చేద్దాం" అన్నాను. "కారు కొనేముందు నడిపి చూడమూ? ఇదీ అంతే. ఒక పొద్దున్న ఇందులో ఎలా గడుస్తుందో చూద్దాం. అందరూ ఎవరి మంచం మీద వాళ్ళు పడుకోండి. ఏవండీ, మీరు నేను. నేను మీరు."

"అంటే?"

"ఆ బల్ల దించి మంచం వెయ్యండి. మీరు పడుకోవాలి."

లాజరస్ నవ్వుతూనే మొదలుపెట్టాడు. బల్లకున్న పిన్ను ఎక్కడుందో దొరకలేదు, దొరికాక వేలు నలిగింది. నాలుగు మెత్తలు నాలుగు దిక్కులా పేర్చి, మధ్యలో సందు వస్తే దాన్లో తన జాకెట్ కుక్కి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. నేను వెనకగదిలోకి వెళ్ళి ఆయన మంచం మీద వాలాను. బాగుంది. తల దగ్గర లైటుంది, ప్లగ్గుంది, పుస్తకం పెట్టుకోవడానికి చిన్న అర ఉంది.

"తెల్లారింది" అని అరిచాను. "మావయ్యగారూ, మీకేం కావాలి?"

మావయ్యగారికి ఈ ఆట తెగ నచ్చింది. ముందు గదిలోంచి, "అమ్మాయ్, టీ!" అని కొడుకుని కేకేశారు. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయనుకోవాలి, ఫ్రిజ్ తలుపు తెరవాలంటే మంచం అడ్డం. లాజరస్ లేచి మెత్తలు తీశాడు. ఇంకా బల్ల లేవనేలేదు, నోవా దిగొచ్చి "డాడ్, వేర్ డూ ఐ సిట్? వేర్స్ మై వీట్‌బిక్స్?" అంటూ టిఫిన్‌కి తయారయ్యాడు. బల్ల లేచింది. క్లారా, "ఐ వాంట్ టు స్లీప్ విత్ యూ, మేక్ ద బెడ్ అగైన్" అంది. మళ్ళీ దించాడు. "టీ ఏదమ్మాయ్?" అన్నారు మావయ్యగారు.

"ఆపండి నాన్నా!" అన్నాడు లాజరస్. నుదుటి మీద చెమట. జాకెట్ నేల మీద ఉంది. నేను గదిలోంచి ఇవతలికొచ్చి, "ఇప్పుడు మీరు కూర్చుని మందుల లెక్కలు చెయ్యాలి. ఒక్కటి కూడా తప్పకూడదు" అన్నాను.

ఆయన కూర్చోలేదు. చేతిలో మెత్త పట్టుకుని అలాగే నన్ను చూశాడు. ఈస్టర్‌నాడు కారు అద్దం కొట్టింది గుర్తొచ్చిందేమో. "సోనీ, నేను... అది ఆలోచించలేదే" అన్నాడు. ఆలోచించలేదన్న సంగతి నాకెప్పుడో తెలుసు. ఆయన నోటితో అనడం మాత్రం ఇదే మొదటిసారి. నాకు సంతోషమేసింది, దాచుకోలేదు కూడా.

"సరే, ఏం చేద్దామంటావ్?" అన్నాడు.

"తలుపున్న గదిలో కింద మంచం నాది. పుస్తకాలతో సహా. తలుపేసి ఉన్నప్పుడు నేను ఇంట్లో లేనట్టే. అలాగైతేనే ఈ బండి. లేకపోతే మీరు వెళ్ళిరండి, నేను ఇంట్లో ఉంటాను, బిరియానీ కూడా మీరే చేసుకోండి."

ఇంత మాట అన్నాక అత్తయ్య ఏదో ఒకటి అంటుందని అటు తిరిగాను. అత్తయ్య లేదు. వెనకగది తలుపు మూసి ఉంది. నేను ఇవతలికి రాగానే లోపలికి వెళ్ళి వేసుకున్నట్టుంది. పిలిచాను, పలకలేదు. భయమేసి తలుపు తీశాను. ఫిషింగ్ రాడ్ల కోసం అనుకున్న రెండో మంచం మీద అత్తయ్య వెల్లకిలా పడుకుని ఉంది. చెప్పులు విప్పి కింద వరసగా పెట్టింది, చేతులు గుండెల మీద పెట్టుకుంది. నిద్రపోవట్లేదు, పై బంకు అడుగు చెక్కకేసి చూస్తోంది.

"ఏంటత్తయ్యా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. తలుపేస్తే మీ మావయ్య టీ అడగడం వినపడట్లేదమ్మాయ్."

నాకు నవ్వొచ్చింది. అత్తయ్య నవ్వలేదు.

"ఈడకొచ్చిన కాణ్ణించీ కాదే, పెళ్ళయిన కాణ్ణించీ ఇట్టా తలుపేసుకుని ఒక్కదాన్నీ పడుకుంది లేదు. పెద్ద మంచం మీద ఆయన్ని పడుకోమను. నాకిది చాలు. ఎదురుది నువ్వు తీసుకో. చదువుకో. నేను కదలను, మాట్లాడను." అని, ఎప్పుడూ నాతో అనని మాట ఒకటి అంది. "అబ్బాయి చదువుకునేటప్పుడు నీకు ఫోన్ చేసి చెప్పేదాన్ని కదా, పనులు చెప్పొద్దని. ఈసారి వాడికి చెబుతాలే."

లాజరస్ నా భుజం మీంచి లోపలికి తొంగి చూశాడు. ఒక పక్క వాళ్ళమ్మ, ఇంకో పక్క నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టిన ఖాళీ మంచం. పిల్లల బంకులు పిల్లలకున్నాయి.

"అమ్మా, మరి నా రాడ్లు? నేనెక్కడ పడుకోను?"

అత్తయ్య తల తిప్పలేదు. విసుగు లేదు, వెటకారం లేదు. ఇంట్లో ఆడవాళ్ళతో అందరూ ఏళ్ళ తరబడి అంటూ వచ్చిన మాటే, అంతే ముద్దుగా, "నీకేముంది నాయనా, నువ్వెక్కడైనా పడుకుంటావు" అంది.

"డాడ్ కెన్ స్లీప్ ఆన్ ద టేబుల్" అంది క్లారా.

"ఏవండీ, ఆ సేల్స్ అతనికి చెప్పండి. ఇదే తీసుకుందాం" అన్నాను. లోపలికెళ్ళి నా మంచం మీద కూర్చుని, బ్యాగ్‌లోంచి లెక్కల పుస్తకం తీసి, కాలు చాపి తలుపు నెట్టాను. గొళ్ళెం టక్కుమని పడింది. బయట ఎవరో ఏదో అడిగారు. ఏం అడిగారో వినపడలేదు.