మూడో కాపీ

పాఠాలు చెప్పడమయ్యాక లెక్చరర్ సుందరరావు రోజూ యూనివర్సిటీ నుంచి తార్నాక దాకా నడిచి, టైపింగ్ షాపులో టైపిస్టు అమల ముందు తన పీహెచ్‌డీ థీసిస్‌లోంచి పదిహేను చేతిరాత పేజీలు పెట్టేవాడు. తొంభై మూడులో తెలుగు థీసిస్సులు చాలావరకు ఆమె చేతుల మీదుగానే వెళ్లేవి. కాగితాలు ఎడమపక్క బల్ల మీద పెట్టుకుని, మెడ అటు తిప్పి, వంచి, సాయంత్రం దాకా కొట్టేది. కార్బన్ వేసి మూడు కాపీలు. మొదటి రెండిట్లో థీసిస్ ఉండేది. మూడోదాంట్లో వరసల మధ్య, కొట్టిన మనిషి ఒంట్లోని బాధ కూడా అచ్చయ్యేది. అది అందరికీ తెలిసిందే. ఎటూ అటకెక్కే కాపీ కనుక ఎవరూ చదివేవారు కాదు.

నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే సుందరరావు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఒకరోజు ఆ హడావిడిలో వెళ్లేసరికి మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. అమల నుదుటికి రుమాలు బిగించుకుని కూర్చుంది.

"తల పలుగుతున్నది సార్. కన్ను తెరవనిస్తలేదు. రేపిస్తా."

"మొన్న కళ్లజోడు మార్చాలన్నావు. నిన్న బామ్ రాసుకున్నానన్నావు. నా పని దగ్గరే వస్తుందేం అమ్మాయ్ ఈ తలనొప్పి? వేషాలకైనా హద్దుండాలి!"

షాపులో ఉన్న స్కాలర్లు నవ్వారు. అమల రుమాలు విప్పి, కాగితం ఎక్కించి, పదిహేను పేజీలూ కొట్టిచ్చింది. మర్నాటి నుంచి రాలేదు.

"పని మానేస్తదంట సార్," అంది షాపు నడిపే ప్రమీలమ్మ. "తలకు స్కానింగ్ తీస్తే ఏం లేదన్నరు. ఇంట్ల కూడ నమ్ముతలేరు."

ఇంట్లో అచ్చుతప్పులు దిద్దుతూ, ఒక పేజీ కనిపించక సుందరరావు మూడో కాపీ తీశాడు. వరసల మధ్య ఉంది: 'మెడెనక కుడిపక్క మొదలైతది. పుర్రె మీంచి పాకి కుడి కన్నెనక కూసుంటది. ఎడమకు తిరిగితే ఎక్కువైతది. చెప్తే వేషాలంటున్నడు. అందరు నవ్విన్రు.'

పదిహేను పేజీల్లోనూ అదే. ఆయనకు చెవులు కాలిపోయాయి. భార్య అన్నానికి పిలిస్తే ఆమె ముఖం చూడలేకపోయాడు.

ప్రమీలమ్మను వెంటబెట్టుకుని అమలను డాక్టర్ అరుంధతి దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మూడో కాపీని రిపోర్టు చదివినట్టే చదివి, అమల మెడ వెనక పుర్రె అంచున బొటనవేలితో నొక్కింది.

"గదే మేడం, గదే నొప్పి! కంట్లకొచ్చింది!"

"నొప్పి పుట్టేది మెడలో. మెడ నరాలూ ముఖం నరాలూ ఒకచోట కలుస్తాయి కనుక తలలో తెలుస్తుంది. తలను వెతికితే ఏం దొరుకుతుంది?" డాక్టరమ్మ పేజీ తిప్పింది. "ఈ వేషాలన్నది ఎవరు? ఇంట్లోవాళ్లా?"

సుందరరావు కుర్చీలోంచి లేచాడు. "నేనేనండి."

కాపడం, మెడకు వ్యాయామాలు, కాగితాలు కళ్లకెదురుగా నిలబెట్టే స్టాండు. రెండు నెలలకు అమల మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. ఈలోగా సుందరరావు గడువు పెంచమని అర్జీ పెట్టాడు. కారణం 'టైపిస్టుకు అనారోగ్యం' అని రాసి, కొట్టేసి, 'నా తప్పు' అని రాశాడు. గడువు పెరిగింది.

చివరగా మిగిలింది కృతజ్ఞతల పేజీ. అమల కొట్టిచ్చిన కాగితంలో గైడు, భార్య, లైబ్రరీ అందరూ ఉన్నారు. ఆమెను క్షమాపణ కోరుతూ ఆయన రాసిన ఆఖరి వాక్యం చోట మాత్రం ఖాళీ ఉంది.

"ఇదొక్కటి వదిలేశావేం అమ్మా?"

"గది మీ చేత్తో రాయుండ్రి సార్. మూడిట్ల."

స్కాలర్లు చూస్తుండగా సుందరరావు పెన్ను తీసి, తల వంచి, మూడుసార్లు రాశాడు.